ఒట్టేసి చెబుతున్నాను

ఎవరైనా మాట మొదలుపెడుతూనే "అబద్ధం చెప్పడం మా ఇంటావంటా లేదండీ" అన్నారనుకోండి, మీరేం చేస్తారో నాకు తెలియదు గానీ, నేను మాత్రం ముందు నా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంటాను. నిజం చెప్పేవాళ్ళకి ఆ ఉపోద్ఘాతంతో పనిలేదు. వంకాయలమ్మే మనిషి మనం అడక్కుండానే "ఒక్క పుచ్చు కూడా ఉండదమ్మా" అన్నదంటే, ఆ పూట ఒక్కొక్క కాయా తిప్పి తిప్పి చూసుకోవలసిందే.

మనందరికీ తెలిసిన ఈ లౌకికజ్ఞానాన్నే పెట్టుబడిగా పెట్టి ఒక మహానుభావుడు ప్రపంచసాహిత్యంలో పేరు సంపాదించాడు. ఆయన ఎడ్గార్ ఎలన్ పో. 1809లో అమెరికాలో పుట్టి, నలభై ఏళ్ళకే, 1849లో వెళ్ళిపోయాడు. 1843లో అచ్చయిన 'టెల్ టేల్ హార్ట్' అనే కథలో, చెప్పే మనిషి నోరు విప్పడమే తనకు పిచ్చి లేదని వాదనకు దిగుతాడు. ఎవరడిగారు నాయనా నిన్ను? కాఫీ కలుపుకుని, ఓ కథ చదువుకుందామని కూర్చున్న మనకి ఆ ఊహే లేదు. అతను లేదు లేదన్న తర్వాతే మనకా అనుమానం పుడుతుంది. ఒక ముసలాయన్ని ఎంత నేర్పుగా, ఎంత నెమ్మదిగా చంపాడో వివరంగా చెప్పి, పిచ్చివాడికి ఇంత జాగ్రత్త ఉంటుందా అని మనల్నే సాక్ష్యం అడుగుతాడు. ముసలాయన మీద కోపమా అంటే, లేదట. డబ్బుకోసమా అంటే, కాదట. ఆయనకి ఒక కన్ను పొర కమ్మి ఉంది, ఆ కన్ను తనకి నచ్చలేదు. అంతే!

ఈ కథలు ఇప్పుడెందుకు తిరగేశానంటారా? మా ఎదురు ఫ్లాటు అమ్మాయి ఉస్మానియాలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. నవలలు రాస్తాను గనక సాహిత్యంలో నాకు తెలియనిది లేదని ఆ పిల్ల నమ్మకం. ఆ భ్రమని చెడగొట్టేంత కఠినాత్మురాలిని కాను. మొన్న పరీక్షల ముందు జిరాక్సు కాగితాల కట్ట పట్టుకుని వచ్చి, "ఆంటీ, అన్‌రిలయబుల్ నేరేటర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి" అంది. వేన్ బూత్ అనే అమెరికన్ ప్రొఫెసరుగారు 1961లో తన పుస్తకంలో ఆ మాటని స్థిరపరిచాడు. నమ్మరాని కథకుడు అనుకోండి. మాటకి అరవై ఏళ్ళు దాటాయేమో గానీ, ఆ మనిషి మాత్రం మన వీధి అరుగుల మీద ఎప్పటినుంచో కూర్చునే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వాకింగుకి బయల్దేరాం. మేముండేది తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు, ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె, నాకా ఉండేవి గనక ఆ పేరు వచ్చిందంటారు. చెప్పేవాళ్ళు తాము కళ్ళారా చూసినట్టే చెబుతారు, అందుచేత నేను ఊఁ కొట్టి ఊరుకుంటాను. మెట్రో స్తంభాల కింద నుంచి రోడ్డు దాటి కాంపస్‌లోకి అడుగుపెడితే చాలు, హారన్ల మోత వెనకబడి చెట్ల గాలి తగులుతుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చున్నాం. 1939 డిసెంబరు 4న ఏడో నిజాం ప్రారంభించిన భవనం. నమూనా గీసినవాడు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి.

"గోథిక్ అంటే ఇలాంటి భవనాలేనా ఆంటీ?" అంది మా పిల్ల, పైకి చూసి.

కాదు మరి. ఆ కథలకి కావలసింది చీకటి కోటలు, బూజు పట్టిన మెట్లు. 1764లో హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్లేయుడు 'కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' రాసి, రెండో ముద్రణకి 'గోథిక్ కథ' అని పేరు తగిలించిన నాటినుంచీ అంతే. మన ఆర్ట్స్ కాలేజీకి పొద్దుటెండ తగిలిందంటే ఆ గులాబీరంగు రాయి పెళ్ళిపందిరిలా కళకళలాడిపోతుంది, దెయ్యానికి నిలువ నీడ ఉండదు. పో చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ పాడుబడ్డ కోటను తీసుకొచ్చి మనిషి తలకాయలో కట్టాడు. 'టెల్ టేల్ హార్ట్'లో ఉన్నది మామూలు ఇల్లు, మామూలు పడకగది. భయమంతా మనకి దారి చూపించేవాడి బుర్రలోనే.

సస్పెన్సు అంటే చివరి పేజీదాకా హంతకుడెవరో చెప్పకపోవడం అని చాలామంది అనుకుంటారు. ఈ కథలో ఎవరు చంపాడో, ఎవర్ని చంపాడో మొదటి పేరాల్లోనే తేలిపోతుంది. అయినా ఊపిరి బిగబట్టి చదువుతాం. సినిమాల హిచ్‌కాక్ దీనికి మంచి ఉదాహరణ చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే చూసేవాళ్ళు ఒక్క క్షణం ఉలిక్కిపడతారు. అక్కడ బాంబు ఉందని ముందే చూపించి, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ చేత పిచ్చాపాటీ మాట్లాడించారా, పేలేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటారు. పో కథలో ఆ మనిషి ఏడు రాత్రుళ్ళు వరసగా ముసలాయన గది తలుపు తీస్తాడు. తల లోపలికి పెట్టడానికే గంట పడుతుంది. లాంతరు మూత సన్నగా తీసి ఒక్క కిరణం ఆ కంటి మీద పడేలా చేస్తాడు. కన్ను మూసి ఉంటే చంపబుద్ధి కాదు, వెనక్కి వస్తాడు. ఎనిమిదో రాత్రి కన్ను తెరుచుకుంటుంది. సీరియల్ రాసే మాబోటివాళ్ళం తలుపు దాకా తీసుకొచ్చి 'ఇంకా ఉంది' అని తప్పించుకుంటాం, మిగతా భయం వారం రోజులపాటు మీరే పడతారు. ఆయనకి ఆ వెసులుబాటు లేదు. కథ ఒక్క కూర్చోవడంలో అయిపోవాలని 1842లో ఆయనే రూలు పెట్టుకున్నాడు. అందుకని ఆ తలుపు మీద చెయ్యి తియ్యకుండా గంటసేపు నిలబెడతాడు మనల్ని.

తర్వాత పోలీసులు వస్తారు. శవం నేల చెక్కల కింద ఉంది. హంతకుడు దానిపైనే కుర్చీ వేసుకుని నవ్వుతూ కబుర్లు చెబుతాడు. అంతలో ఒక చప్పుడు. దూదిలో చుట్టిన గడియారంలాంటి చప్పుడు. ముసలాయన గుండె ఇంకా కొట్టుకుంటోందనుకుని, ఆ మోత భరించలేక తానే అరిచి ఒప్పేసుకుంటాడు. పోలీసులకి వినిపించిందా? అతను వినిపించిందనే అంటాడు, వాళ్ళు నటిస్తున్నారంటాడు. చచ్చినవాడి గుండె కొట్టుకోదు గదా. మరి విన్నది ఎవరి గుండె? తనదేనేమో! అసలు కిటుకు ఇక్కడే ఉంది. అతను పూర్తిగా అబద్ధాలకోరు కాదు. చప్పుడు నిజమే కావచ్చు, దానికి చెప్పిన యజమాని పేరే తప్పు. కథకుడు చూసిందీ, విన్నదీ ఒక పక్కకి తీసిపెట్టి, అతను కల్పించి కలిపినది ఇంకో పక్కకి తీసిపెట్టడం చదివేవాళ్ళ పని. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే.

అన్నట్టు, ఇందాకటి నుంచీ 'అతను', 'వాడు' అంటున్నానా? పో ఎక్కడా పేరు చెప్పలేదు, ఆ ముసలాయనకి ఏమవుతాడో కూడా చెప్పలేదు. ఇంగ్లీషులో 'ఐ' అన్న అక్షరానికి ఆడా మగా తేడా లేదు. మన తెలుగులోనూ 'నేను వెళ్తున్నాను' అంటే అన్నది అయ్యో అమ్మో తేలదు. ఉర్దూలో అలా కుదరదు, 'జా రహా హూ' అనాలో 'జా రహీ హూ' అనాలో మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. ఒకప్పుడు ఉర్దూలోనే చదువు చెప్పిన విశ్వవిద్యాలయం మెట్ల మీద కూర్చుని ఈ ముక్క చెబితే మా పిల్ల పరీక్ష సంగతి మరిచిపోయి, "అయితే ఆవిడ కూడా అయ్యుండచ్చా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఏం, ఆడవాళ్ళకి చేతకాదా?

పో రాసిన మరో కథ, 'కాస్క్ ఆఫ్ అమాంటిలాడో', 1846లో మొదట అచ్చయింది ఎందులో అనుకున్నారు? 'గోడీస్ లేడీస్ బుక్' అనే ఆడవాళ్ళ పత్రికలో! కుట్లూ అల్లికలూ ఫ్యాషన్ బొమ్మలూ వేసే పత్రిక. దాని సంపాదకురాలు సారా హేల్ అంటే మీకు తెలియకపోవచ్చు, మీ పిల్లలు నర్సరీలో పాడిన 'మేరీ హాడ్ ఎ లిటిల్ లాంబ్' రాసిన ఆవిడే. ఆ పేజీల మధ్య ఒక పెద్దమనిషి, తన స్నేహితుణ్ణి మంచి సారా రుచి చూద్దువు గాని రమ్మని నేలమాళిగలోకి తీసుకువెళ్ళి, గొలుసులతో కట్టేసి, గోడ కట్టి పూడ్చేసిన వైనం చెబుతాడు. వెయ్యి అపకారాలు భరించానంటాడు గానీ ఒక్కటీ ఇదని చెప్పడు. పైగా చెబుతున్నది యాభై ఏళ్ళ తర్వాత. యాభై ఏళ్ళపాటు ఒక పగని తలుచుకుంటూ కూర్చున్నవాడి లెక్కలో వెయ్యి అంటే ఎంతో! తోటికోడళ్ళ పంచాయతీల్లో కూర్చున్నవాళ్ళకి ఆ లెక్క వివరించక్కర్లేదు.

ఇవన్నీ పరాయి కథలు కదా అంటారేమో. హైదరాబాదుకి దగ్గర చుట్టం ఒకటుంది. కాంపస్‌లో ఠాగూర్ ఆడిటోరియం పక్కనుంచి నడుస్తూ ఆ పిల్లకి అదే చెప్పాను. రవీంద్రుడి 'క్షుధిత పాషాణం', 1895 నాటి కథ. 'ఆకలిగొన్న రాళ్ళు' అన్నమాట. అందులో దెయ్యాల కొంప అనుభవం చెప్పే పెద్దమనిషి సాక్షాత్తూ మన నిజాం ప్రభుత్వ ఉద్యోగి! జునాగఢ్‌లో కొలువు వదిలి నిజాం కొలువులో చేరితే, పత్తి సుంకం వసూలుకి బరీచ్ అనే చోటికి వేశారట. అక్కడ నది ఒడ్డున పాతకాలపు పాలరాతి మహలు. రాత్రయితే కనబడని స్త్రీల గజ్జెల చప్పుడు, అత్తరు వాసన, ఏడుపు. తెల్లవారితే ఒక పిచ్చివాడు మహలు చుట్టూ తిరుగుతూ, అంతా అబద్ధం, దూరంగా పొండి అని కేకలు పెడతాడు. నిజం చెప్పేవాడు ఆ పిచ్చివాడొక్కడే కావడం ఠాగూరుగారి చమత్కారం. పదిహేడేళ్ళ వయసులో ఆయన అహమ్మదాబాదులో జడ్జీగా ఉన్న అన్నగారింట, షాహీబాగ్ మహల్లో గడిపిన రోజులే ఈ కథకి మూలం.

ఈ కథంతా చెప్పేది ఎక్కడో తెలుసా? రైలు కోసం ఎదురుచూస్తూ, స్టేషను వెయిటింగు రూములో. వినేవాళ్ళిద్దరు. అసలు రహస్యం, ఆ ఇరానీ బానిసపిల్ల కథ, నోటిదాకా వచ్చేసరికి రైలు వచ్చేస్తుంది. ఫస్టుక్లాసులోంచి ఒక దొర ఆ పెద్దమనిషిని గుర్తుపట్టి పిలిచి ఎక్కించుకుంటాడు. మనవాళ్ళకి సెకండుక్లాసు. కథ అక్కడితో సరి! విన్నవాళ్ళలో ఒకడు మనల్ని వెర్రివాళ్ళని చేశాడంటాడు, దివ్యజ్ఞానసమాజం భక్తుడైన రెండోవాడు ఒప్పుకోడు. ఆ వాదన ముదిరి ఇద్దరికీ శాశ్వతంగా మాటల్లేకుండా పోతాయి. మా పిల్లకి మహా కోపం వచ్చింది. "ఇదేం అన్యాయం ఆంటీ, డబ్బులిచ్చి కొనుక్కున్న పుస్తకం!" అంది. చందమామ బేతాళుడైతే నయం, ప్రశ్న వేసి జవాబు రాబట్టి గాని చెట్టెక్కడు.

అంతవరకూ నవ్వుతూనే ఉన్నాం. తన జిరాక్సు కట్టలో ఆఖరి కథ తీసి, "ఇది మాత్రం నాకు భయంగా లేదు, ఏడుపొచ్చింది" అంది. అది షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన 'ది ఎల్లో వాల్‌పేపర్'.

భర్త డాక్టరు. పురుడు వచ్చిన తర్వాత భార్య మనసు బాగా లేదని ఒక పెద్ద బంగళా అద్దెకు తీసుకుని మేడమీద గదిలో ఉంచుతాడు. పుస్తకం ముట్టకూడదు, కలం పట్టకూడదు, పూర్తి విశ్రాంతి. ఆవిడ ఎవరూ చూడకుండా రాసుకున్న డైరీయే ఈ కథ. కిటికీలకి ఊచలున్నాయి, ఇదివరకు పిల్లల గది కాబోలు అని రాస్తుంది. గోడకి ఇనుప రింగులున్నాయి, పిల్లల ఆటలకి కాబోలు. మంచం నేలకి మేకులు కొట్టి బిగించి ఉంది. మనకి మెల్లిగా ఒళ్ళు చల్లబడుతుంది. ఆవిడ చూసినదంతా సరిగ్గానే చూసింది, పాపం, అర్థం మాత్రం మంచిగా చెప్పుకుంది, మా ఆయన నా మేలుకోరే చేస్తున్నాడని. ఆ పసుపుపచ్చ గోడకాగితం డిజైను వెనక ఒక ఆడది వంగి పాకుతున్నట్టు కనిపించడం మొదలయ్యాక, ఆవిడకి మతి పోయిందనుకుంటాం. కానీ, ఆ ఇంట్లో నిజంగానే ఒక ఆడది ఊచల వెనక ఉందిగా!

గిల్మన్ తన సొంత అనుభవమే రాసింది. 1887లో ఆవిడకి వైర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు ఇదే విశ్రాంతి వైద్యం చేసి, జన్మలో మళ్ళీ కలం పట్టవద్దని ఇంటికి పంపాడు. పిచ్చెక్కే అంచుదాకా వెళ్ళి, ఆ సలహా అవతల పారేసి కథ రాసిందావిడ. ఒక ప్రతి ఆయనకి పంపానని 1913లో తానే చెప్పుకుంది. మన వైపు బాలింతరాలు దిగులుగా మూల కూర్చుంటే "దానికి గాలి సోకింది" అనేవారు. తర్వాత ఆ పిల్ల ఏం చెప్పినా గాలి మాటలే, అత్తారింట్లో అన్నం పెట్టలేదని చెప్పినా సరే.

పో కథ ఏమో చెప్పేవాణ్ణి నమ్మకు అంటుంది. గిల్మన్ కథ, నమ్మకపోవడమే ఆ ఇల్లాలి ప్రాణం మీదికి తెచ్చిందంటుంది. "రెండూ ఒకే పేపర్లో ఎలా ఇచ్చారు ఆంటీ?" అని అడిగింది మా పిల్ల. పరీక్షకి పనికొచ్చే జవాబు ఏదో చెప్పాను. అసలు జవాబు మా ఇంట్లో జరుగుతోంది.

మా అత్తగారికి ఎనభై దాటాయి. రెండేళ్ళుగా మతిమరుపు. నిన్నటిది గుర్తుండదు, 1969లో కొన్న చీర అంచు మాత్రం చెబుతారు. ఒకరోజు పొద్దున్నే, "నా గాజుల జత పోయింది, పనిమనిషి తీసింది" అన్నారు. "రాత్రి బీరువా తలుపు కిర్రుమంది, తాళాలు గలగలమన్నాయి, నా చెవులతో విన్నాను" అని దేవుడి గదివైపు తిరిగి ఒట్టేశారు. గొంతులో తొణుకు లేదు. బెంగళూరు నుంచి మా ఆడపడుచు ఫోను, "అమ్మ విన్నానంటోందిగా, ఇంకా చూస్తారేం, పోలీసులకి చెప్పండి" అని. మావారేమో, "అమ్మకి మతి ఉంటేగా, వదిలెయ్" అని పేపర్లోకి వెళ్ళిపోయారు. పనిమనిషి ఆరేళ్ళుగా చేస్తోంది. చీపురు గోడకి ఆనించి, "నేను ముట్టలేదమ్మా. కావాలంటే మా ఇంటికొచ్చి ఎతుక్కోండ్రి. కానీ ఈ మాట కింద వాచ్‌మన్ దాకా పోతే, ఈ గల్లీల నాకు ఏ ఇంట్లనూ పని ఉండదు" అంది. ఆమెకి నాలుగిళ్ళ పని, ఇద్దరు పిల్లల చదువు.

నేను అత్తగారి పక్కన కూర్చుని, "ఎవర్ని చూశారు అత్తయ్యా?" అన్నాను.

"చూడ్డమేమిటే? ఇంకెవరు తీస్తారు?"

"ఎన్నింటికి విన్నారు?"

"తెల్లవారుజామున. ఇంకా పాలవాడు రాలేదు."

మా పనిమనిషి వచ్చేది ఏడింటికి. రాత్రి గడియ వేసింది నేను, పొద్దున తీసిందీ నేనే. మరి చప్పుడు మాటేమిటి? చప్పుడు నిజమే. ఆ కిర్రు నిద్దట్లో నేనూ విన్నాను. బీరువా తాళాలు ఉండేది అత్తగారి తలగడ కిందే.

మర్నాడు సాయంత్రం దీపం పెడుతూంటే, ఒత్తులు చేసుకునే పత్తి డబ్బా బరువుగా తగిలింది. అడుగున దూదిలో చుట్టి రెండు గాజులూ ఉన్నాయి.

మీరూ నాలాగే, ఆవిడ చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నారు కదూ? గాజులు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "చూశావా! దొరికిపోతానని భయపడి తెచ్చి పెట్టేసింది" అన్నారు. కథకి ఎక్కడా చిరుగు పడలేదు! మతిమరుపు జబ్బులో దొంగతనం అనుమానాలు మామూలేనని, తాను దాచినది మరిచిపోయి, ఆ ఖాళీని మనసు ఏదో ఒక కథతో పూడ్చుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ అబద్ధమాడటం లేదు. పో హంతకుడికీ ఆవిడకీ అదే తేడా. కానీ అబద్ధం కాని కథకి కూడా ఒక మనిషి తిండి పోగలదు. నేను గాజుల ఫోటో తీసి ఆడపడుచుకి పంపాను, వాచ్‌మన్‌కి నేనే వెళ్ళి చెప్పాను.

పనిమనిషి రెండ్రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, ఒక్క షరతు పెట్టింది. పెద్దమ్మగారి గది ఊడ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఒకరు గుమ్మంలో నిలబడాలి. "మీకు నా మీద అనుమానమని కాదమ్మా, నాకు సాక్ష్యం కావాలి" అంది. జీతం కూడా అయిదొందలు పెంచమంది, పెంచాం. అప్పటినుంచీ రోజూ ఏడుంబావుకి నేను ఆ గుమ్మంలో నిలబడతాను.

అత్తగారికి ఆ పనిమనిషి మీద ఇప్పుడు ఏ కోపమూ లేదు. ఎవరి మీద అనుమానపడ్డారో కూడా మరిచిపోయారు. మిగిలింది కథే. మంచం మీద కూర్చుని ఆమెకే చెబుతారు, బీరువా ఎలా కిర్రుమన్నదో, తాళాలు ఎలా గలగలమన్నాయో, ఆ దొంగముండ ఎంత జాణో. ఒక్కోరోజు దొంగకి కొత్త చీర కూడా కడతారు. ఆమె మంచం కిందికి వంగి చీపురు ఆడిస్తూ, తలెత్తకుండానే ఊఁ కొడుతుంది. చెప్పడం కాస్త ఆగితే, "తర్వాతేమైందమ్మా?" అని అడుగుతుంది.